ప్రార్థన రెండు నిమిషాల్లో అయిపోతోందా? ముందు వినడం మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బాప్తిస్మం తీసుకుని కొన్నేళ్లయింది. ఆదివారం ఆరాధన మానరు, సంఘంలో ఏదో ఒక పరిచర్య కూడా చేస్తున్నారు. కానీ ఒంటరిగా మోకరిస్తే రెండు నిమిషాలకే మాటలు అయిపోతున్నాయి. బైబిలు మొదటినుంచి చదువుదామని ఎన్నిసార్లు కూర్చున్నా లేవీయకాండం దగ్గర ఆగిపోతోంది. దేవునికి దగ్గరవ్వాలంటే చేయాల్సిన పని ఏంటో చెప్పండి, "ఇంకా ఎక్కువ ప్రార్థించండి" అని మాత్రం అనొద్దు అన్నారు.

ఆ మాట అనను. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ప్రార్థన తక్కువ కావడం ఇక్కడ అసలు ఇబ్బందిలా లేదు. మీ ప్రార్థన దేనికీ జవాబుగా రావడం లేదు, అదీ ఇబ్బంది. ఎదుటి మనిషి ఏమన్నాడో వినకుండా రోజూ వెళ్లి మన గోడు చెప్పి వచ్చేస్తుంటే ఎవరితోనైనా మాటలు రెండు నిమిషాల్లోనే అయిపోతాయి. అందుకే వాక్యం ముందు, ప్రార్థన తర్వాత. వాక్యంలో విన్నదానికి జవాబుగా ప్రార్థించండి. కింద రాసిందంతా ఈ ఒక్క మార్పు చుట్టూనే తిరుగుతుంది.

దానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. చాలామంది దేవుని సన్నిధిని సంపాదించుకోవాల్సిన దానిలా చూస్తారు. ఇన్ని గంటలు ప్రార్థిస్తే, ఇన్ని రోజులు ఉపవాసముంటే ఆయన ఇంత దగ్గరవుతాడని లెక్క. ఎఫెసీ 2:13 ఆ లెక్కను ఒప్పుకోదు. ఒకప్పుడు దూరస్థులైన మీరు క్రీస్తు రక్తమువలన సమీపస్థులై యున్నారు అని పౌలు అక్కడ జరిగిపోయిన పనిగా చెప్పాడు. హెబ్రీ 10:19-22లో కూడా దారి ముందే తెరుచుకుంది కాబట్టి లోపలికి రండి అనే వరస. యాకోబు 4:8లోని "దేవునియొద్దకు రండి, అప్పుడాయన మీయొద్దకు వచ్చును" అనే మాట అందరికీ కంఠస్థమే. దాని ముందూ వెనకా ఏముందో చూసేవాళ్లు తక్కువ. ఆ అధ్యాయం విశ్వాసుల మధ్య తగాదాలతో మొదలవుతుంది. ఆ వచనంలోనే వెంటనే చేతులు శుభ్రం చేసుకోండి, ద్విమనస్కులారా హృదయాలు పరిశుద్ధపరచుకోండి అంటాడు. యాకోబు వాళ్లకు కొత్త అనుభూతుల కోసం ఏమీ చెప్పలేదు. చేతుల్లో ఉన్నది వదలమన్నాడు. ఈ సంగతి మళ్లీ కింద వస్తుంది.

ఇక పని. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. గంటతో మొదలుపెట్టొద్దని గట్టిగానే చెబుతాను. కూటంలో ఒక బలమైన ప్రసంగం విని, రేపటినుంచి నాలుగు గంటలకు లేచి గంటసేపు ప్రార్థిస్తానని తీర్మానం చేసుకుంటే మామూలుగా జరిగేది ఇదీ: మొదటి వారం ఉత్సాహంతో గడుస్తుంది, రెండో వారంలో నిద్ర చాలక రెండు రోజులు తప్పుతాయి, తప్పినందుకు మనసు నొచ్చి మూడో వారంలో బైబిలు ముందు కూర్చోవడానికే మొహం చెల్లదు. తీర్మానం పెద్దదైనకొద్దీ తప్పినప్పటి సిగ్గూ పెద్దదే. ఇరవై నిమిషాలు ఆరు వారాలు నిలిచాక, కావాలంటే పెంచుకోండి. చాలామందికి అది తనంతట తానే పెరుగుతుంది.

వేళ గురించి పట్టింపు వద్దు. మార్కు 1:35లో యేసు ఇంకా చీకటిగా ఉండగానే లేచి వెళ్లి ప్రార్థించాడు. లూకా 6:12లో రాత్రంతా గడిపాడు. దానియేలు రోజుకు మూడుమార్లు మోకాళ్లూనాడు. రాజు ఎదుట నిలబడి, అడిగిన ప్రశ్నకు బదులు చెప్పేలోపు ఆకాశమందలి దేవునికి ప్రార్థించానని నెహెమ్యా రాసుకున్నాడు (2:4). రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, పసిబిడ్డల తల్లులు తెల్లవారుజామున లేవలేకపోతున్నామని నేరం మోయాల్సిన పని లేదు. తెలివిగా ఉండే వేళ ఏదైతే అది. కాకపోతే రోజూ అదే వేళ, అదే చోటు ఉండేలా చూసుకోండి. ఇవాళ ఎప్పుడు కూర్చుందామా అని ప్రతిరోజూ కొత్తగా నిర్ణయించుకోవాల్సి వస్తే సగం రోజులు ఆ నిర్ణయం దగ్గరే జారిపోతాయి.

కాగితం బైబిలు వాడండి. ఫోన్లో చదవడం పాపం కాదు గానీ, వచనం మధ్యలో ఒక మెసేజ్ పైనుంచి దిగితే తిరిగి రావడానికి పట్టే సమయం ఇరవై నిమిషాల్లో పెద్ద కోత. ఫోనే గతి అయితే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. పాత భాష అడ్డొస్తుంటే వాడుక భాషలో ఉన్న అనువాదం తీసుకోండి. కంఠస్థానికి మాత్రం మీ సంఘంలో చదివేదే ఉంచుకుంటే ఆదివారం విన్నప్పుడు గుర్తుపడతారు. ఒక నోటుపుస్తకం, పెన్ను కూడా పక్కన ఉండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి? మార్కు సువార్త. 16 అధ్యాయాలు, వేగంగా నడుస్తుంది, రోజుకు 15 వచనాల చొప్పున ఆరేడు వారాల్లో అయిపోతుంది. దాంతోపాటు రోజుకో కీర్తన. కీర్తనలు 150 కాబట్టి అయిదు నెలల పని. 119వ కీర్తన 176 వచనాలు, దాన్ని మాత్రం విడగొట్టుకోండి. మార్కు తర్వాత యోహాను, ఆపైన ఫిలిప్పీ లాంటి చిన్న పత్రిక. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు. వారానికి అయిదు రోజులు, రోజుకు ఒకటి చదివితే సరిగ్గా ఏడాది. వారంలో రెండు రోజులు తప్పినా దారి తప్పరు. బైబిలంతా 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చదివితే ఏడాదిలో ముగుస్తుంది. అది మంచి అలవాటే గానీ, మీరున్న స్థితిలో ఇప్పుడే వద్దు. వేగంగా చదవడం బైబిలు పరిచయానికి పనికొస్తుంది. జవాబు పుట్టాలంటే నెమ్మదిగా చదవాలి. లేవీయకాండం అంటారా, దాన్ని ఒంటరిగా ఎదుర్కోవద్దు. 16వ అధ్యాయం, ప్రాయశ్చిత్త దినం, ముందు చదివి, పక్కనే హెబ్రీ 9, 10 అధ్యాయాలు పెట్టుకోండి. ఆ తర్వాత మొదటి ఏడు అధ్యాయాల బలులు మొద్దుగా అనిపించవు.

ఇప్పుడు ఆ ఇరవై నిమిషాలు ఎలా గడవాలో ఒక భాగం మీద పెట్టి చూపిస్తాను. మార్కు 10:46-52, బర్తిమయి కథ, ఏడే వచనాలు.

మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. "ప్రభువా, నీ మాట వినడానికి వచ్చాను" అంటే చాలు. తర్వాత ఆ ఏడు వచనాలు పెదవులు కదిలేలా చదవండి. ఆగి, రెండోసారి ఇంకా నెమ్మదిగా చదవండి. రెండో చదువులో మీరు వెతకాల్సింది ఇది: ఇందులో ప్రభువు ఏం చేశాడు, ఏమన్నాడు? "ఇందులో నాకేముంది" అనే ప్రశ్న తర్వాత రావచ్చు. ముందే వస్తే వచనం మన అవసరం ఆకారంలోకి వంగిపోతుంది.

చూడండి, ఏం కనబడుతుందో. యెరికో దాటితే యెరూషలేమే, 11వ అధ్యాయంలో ఆయన ఆ పట్టణంలో అడుగుపెడతాడు. అక్కడ తనను చంపుతారని కాస్త ముందే, 33, 34 వచనాల్లో, శిష్యులకు చెప్పాడు. అంత భారంతో నడుస్తున్నవాడు రోడ్డు పక్కన బిచ్చగాడు కేక వేస్తే ఆగాడు. ఊరుకో అని గద్దించినవాళ్లు అనేకులు. వాళ్లలో ఎవరూ ఆయనకు శత్రువులని రాయలేదు, ఆయన వెంట నడుస్తున్నవాళ్లే. పిలుపు రాగానే గుడ్డివాడు పైబట్ట పారేశాడు. అప్పుడు యేసు, చూపు కావాలని ఎవరికైనా తెలిసేదాన్ని కూడా అడిగాడు: "నేను నీకేమి చేయగోరుచున్నావు?" ఇక్కడ వెనక్కి తిప్పి 36వ వచనం చూడండి. అదే అధ్యాయంలో యాకోబు, యోహానులను కూడా ఆయన ఇదే అడిగాడు. వాళ్లు కుడివైపు, ఎడమవైపు కుర్చీలు అడిగారు. ఇతను చూపు అడిగాడు, చూపు రాగానే ఆ దారినే ఆయన వెంట వెళ్లాడు. ఆ దారి సిలువకు వెళ్లే దారి.

ఇంత కనబడ్డాక ప్రార్థనకు మాటలు వెతుక్కోనక్కర్లేదు. "ప్రభువా, నీ ముందు సిలువ ఉందని తెలిసి కూడా ఒక బిచ్చగాడి కేకకు ఆగావు, నీకు స్తోత్రం. నీ వెంట నడుస్తూనే వేరేవాళ్లను ఊరుకోబెట్టిన గుంపులో నేనూ ఉన్నాను. మొన్న కూటంలో ఆ అమ్మాయి మాట మధ్యలో తుంచేశాను, క్షమించు. ఏం కావాలని నన్నడిగితే నిజానికి నా నోట ముందు వచ్చేది కుర్చీయే. ఫలానా బాధ్యత నాకు ఇవ్వలేదని పది రోజులుగా రగులుతున్నాను. నాకు చూపు దయచెయ్యి." దీనికి ఎంత సేపు పట్టిందో గడియారం చూసుకోండి, రెండు నిమిషాలు ఎప్పుడో దాటి ఉంటుంది. పైగా ఇది నిన్నటి ప్రార్థన కాదు. రేపు వేరే భాగం, వేరే జవాబు.

చివర రెండు మూడు నిమిషాలు నోటుపుస్తకానికి. తేదీ, వచనం, ఒక వాక్యంలో గమనించింది, ఒక వాక్యంలో ఇవాళ చేయాల్సింది. ఈ ఉదాహరణలోనైతే "మధ్యాహ్నం ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమాపణ అడగాలి" అని. పేజీలు నింపొద్దు, నింపితే వారంలో మానేస్తారు.

ఈ వరస కొత్తగా పుట్టింది కాదు. 1535లో మార్టిన్ లూథర్ తన క్షురకుడు పేతురుకు ప్రార్థన ఎలా చేయాలో రాసి ఇస్తూ, పది ఆజ్ఞల్లో ఒక్కోదాన్ని తీసుకుని నాలుగు పోగులుగా పేనమన్నాడు: ఇందులో నేర్పుతున్నదేంటి, దేనికి స్తుతించాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి. మధ్యలో ఆత్మ ఒక తలంపు బలంగా ఇస్తే మిగతావి వదిలేసి దాని దగ్గరే ఆగమనీ చెప్పాడు. ఇక ప్రార్థనకు పేరుపడ్డ మనిషి, బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్. లేవగానే మోకాళ్ల మీదికి వెళ్తే మనసు నిలవడానికే ఒక్కోసారి పావుగంట, అరగంట పట్టేదని, వాక్యం ముందు పెట్టుకున్నాక ఆ అవస్థ దాదాపు పోయిందని ఆయన 1841లో రాశాడు. ముల్లర్‌కే అలా ఉంటే మనం దిగులుపడాల్సింది ఏముంది.

విజ్ఞాపనకు, అంటే ఇతరుల కోసం అడగడానికి, వేరే పద్ధతి కావాలి. అందరినీ ప్రతిరోజూ చదివితే అది హాజరు పట్టీ అవుతుంది. వారాన్ని పంచుకోండి: ఇంటివాళ్లు రోజూ, మిగతావాళ్లలో రోజుకు ముగ్గురు నలుగురు. ఒక్కొక్కరికి ఒక్కటే అడగండి, స్పష్టంగా. "అన్నయ్యను దీవించు" అంటే జవాబు వచ్చిందో లేదో మీకెప్పటికీ తెలియదు. "ఈ వారం అన్నయ్య నాన్నతో కోపం లేకుండా మాట్లాడేలా చెయ్యి" అంటే తెలుస్తుంది. ఏ వరసలో అడగాలో తోచనప్పుడు ప్రభువు ప్రార్థన ఉంది. మొదటి మూడు మనవులు తండ్రి నామం, రాజ్యం, చిత్తం గురించి. అనుదినాహారం, క్షమాపణ, శోధన ఆ తర్వాతే. ఒక్కో మనవి దగ్గర ఆగి మీ సొంత మాటల్లో విడమరచుకుంటూ వెళ్తే పది నిమిషాలు చాలవు.

ఒంటరి ప్రార్థనలో కూటం గొంతు వాడకండి. పదిమందిలో ప్రార్థించడం అలవాటైనవాళ్లకు ఇది తెలియకుండానే జరుగుతుంది. ప్రతి వాక్యానికి ముందు ప్రభువా, వెనక స్తోత్రం, మధ్యలో ఆలోచన రాకపోతే పూరించడానికి నాలుగు హల్లెలూయాలు. మత్తయి 6:7లో వద్దన్నది అర్థం లేకుండా దొర్లే మాటల్నే. నోరు నడుస్తూ మనసు వేరేచోట ఉందని తెలిస్తే ఆపండి. కాసేపు మౌనంగా ఉండండి, లేదా ఆ రోజు ప్రార్థనను నాలుగు వాక్యాల్లో కాగితం మీద రాయండి. రాస్తే పూరింపు మాటలు వాటంతటవే రాలిపోతాయి.

వాగ్దానాలు ఏరుకోవడం మీద కూడా ఒక మాట. బైబిలు ఎక్కడో తెరిచి వేలు పెట్టిన చోట వచ్చిన వచనాన్ని ఆ రోజు మాటగా తీసుకునేవాళ్లున్నారు. యిర్మీయా 29:11 ఇలా ఎన్ని గోడలకు ఎక్కిందో లెక్కలేదు. అది బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు రాసిన ఉత్తరం. దాని ముందు వచనంలోనే 70 ఏళ్లు నిండాలని ఉంది. ఆ మాట విన్న పెద్దవాళ్లలో చాలామంది చెరలోనే కన్నుమూసి ఉంటారు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని దేవుడు వాళ్లతో అంటాడు. పూర్తి అధ్యాయం చదివితే ఆ వాగ్దానం ఇంకా బలంగా నిలుస్తుంది, వచ్చే వారం ఉద్యోగానికి హామీగా మాత్రం నిలవదు. హామీ అనుకుని పట్టుకున్నవాళ్లు అది జరగనప్పుడు దేవుడు మాట తప్పాడనుకుని దూరమవుతారు. దూరానికి ఇదొక పెద్ద కారణం, ఎవరూ పైకి చెప్పుకోరు.

ఇప్పుడు చేతుల సంగతి. వాక్యం, ప్రార్థన క్రమంగా నడుస్తున్నా మధ్యలో గోడ ఉన్నట్టే అనిపిస్తుంటే, చాలాసార్లు తెలిసి పక్కనబెట్టిన విషయం ఒకటుంటుంది. మీ దోషాలే మీకూ దేవునికీ అడ్డంగా వచ్చాయని యెషయా 59:2. "ప్రభువా నా పాపాలన్నీ క్షమించు" అనే మాట దీన్ని తాకదు. గంపగుత్తగా ఒప్పుకుంటే ఏదీ ఒప్పుకోనట్టే. రాత్రి పడుకునేముందు అయిదు నిమిషాలు కీర్తన 139:23-24 చదివి, ఆ రోజును పొద్దుటినుంచి గంట గంటకూ గుర్తుతెచ్చుకోండి. ముందు కృతజ్ఞత చెప్పాల్సినవి రెండు మూడు. తర్వాత తప్పిన చోట్లు, పేరు పెట్టి: అబద్ధమైతే ఎవరితో ఏం అబద్ధం, చూపు అయితే ఏం చూశాను. 1 యోహాను 1:9 మీద ఆనుకుని క్షమాపణ తీసుకోండి, రేపు అదే సందర్భం వస్తే ఏం చేస్తానో ఒక వాక్యం చెప్పి ముగించండి.

ఒప్పుకోలుతో తీరనివి కొన్నుంటాయి. సంఖ్యాకాండం 5:6-7 ప్రకారం అన్యాయం చేసినవాడు పాపం ఒప్పుకోవాలి, తీసుకున్నది పూర్తిగా ఇవ్వాలి, దానిమీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఎగ్గొట్టిన అప్పు, ఆఫీసులో వేసిన దొంగ బిల్లు, తోబుట్టువుకు రావాల్సిన వాటా లాంటివి మోకాళ్ల మీద తేలవు, బ్యాంకు ద్వారా తేలతాయి. ఒక్కసారిగా ఇవ్వలేకపోతే ఎదుటివాళ్లకు చెప్పి నెలకింత అని మొదలుపెట్టండి.

మనుషులతో సమాధానపడటం గురించి మత్తయి 5:23-24 చాలా సూటిగా ఉంది. అర్పణ బలిపీఠం ముందే విడిచి వెళ్లమన్నాడు. గమనించండి, నీకు ఎవరిమీదో కోపం ఉంటే అని కాదు, నీమీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉంటే అని. క్షమాపణ అడిగేటప్పుడు "నువ్వూ అలా అన్నావు గానీ" అనే తోక తగిలించొద్దు, "నేను ఫలానా మాట అన్నాను, తప్పు, క్షమించు" అంటే చాలు. వాళ్లు క్షమించకపోవచ్చు. రోమా 12:18లో శక్యమైతే, మీ చేతనైనంత మట్టుకు అని ఉంది, అంతవరకే మీ బాధ్యత. ఇంకొకటి, క్షమించడం వేరు, కొట్టేవాళ్ల ఇంటికో మోసం చేసేవాళ్ల భాగస్వామ్యానికో తిరిగి వెళ్లడం వేరు. రెండోది చేయకపోతే దేవుడు దూరమవుతాడని ఎవరైనా అంటే వినకండి.

దీనికి ఎదురు కొసన ఉన్నవాళ్లు కొందరుంటారు. ఒప్పుకున్న పాపాన్నే రోజుకు పదిసార్లు ఒప్పుకుంటారు, సరిగ్గా ఒప్పుకున్నానో లేదోనని మళ్లీ మొదలుపెడతారు, ఒక చెడు తలంపు దానంతటదే వచ్చిపోయినా క్షమించరాని పాపమేమోనని వణుకుతారు. వీళ్లకు పై సలహా హాని చేస్తుంది. వాళ్లు ఒక్కసారి ఒప్పుకుని, తర్వాత గుర్తొచ్చిన ప్రతిసారీ మళ్లీ ఒప్పుకోకుండా "క్షమించావు, స్తోత్రం" అని లేచి పనిలోకి వెళ్లాలి. అయినా ఆగకపోతే అది ఆత్మీయత లోపం కాకపోవచ్చు, ఆందోళనకు సంబంధించిన జబ్బు కావచ్చు. మానసిక వైద్యులు దానికి చికిత్స చేస్తారు.

ఉపవాసం అందరూ ముందు అడిగేది, నేను ఆఖర్లో చెప్పేది. మొదట ఒక్క పూట చాలు. వారంలో ఒక రోజు మధ్యాహ్న భోజనం మాని, నీళ్లు బాగా తాగి, తినడానికి పట్టే ఆ అరగంట వాక్యానికీ ప్రార్థనకూ ఇవ్వండి. ఆ అరగంట ఇవ్వకపోతే అది తిండి మానడం మాత్రమే. రోజూ రెండు మూడుసార్లు కాఫీ, టీ తాగేవాళ్లకు అవి ఒక్కసారి మానితే తలనొప్పి వస్తుంది, ముందురోజునుంచే తగ్గించుకోండి. ఉపవాసం విడిచేటప్పుడు తేలికైనది, కొద్దిగా తినండి. మధుమేహానికి మందులో ఇన్సులినో వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తిండి విషయంలో ఇంతకుముందు జబ్బుపడ్డవాళ్లు భోజనం మానొద్దు. బదులుగా ఒక రోజు వినోదం, సోషల్ మీడియా మానుకోవచ్చు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా వారాల తరబడి ఉపవాసాలు ప్రాణం మీదికి తెస్తాయి. ప్రభువు నలభై దినాలు ఉన్నాడు కదా అనేది అనుసరించడానికి ఇచ్చిన ఆజ్ఞ కాదు. ఇక ఉద్దేశం. దేవుని చెయ్యి వంచడానికి ఉపవాసం ఉండేవాళ్లు యెషయా 58 చదవాలి. ఉపవాసదినానే పనివాళ్లతో కఠినంగా పని చేయించుకుంటూ, మమ్మల్ని ఎందుకు చూడవు అని అడిగారు ఆ జనం. లూకా 18:12లో వారానికి రెండుమార్లు ఉపవాసమున్న పరిసయ్యుడు నీతిమంతుడిగా ఇంటికి వెళ్లలేదు.

సంఘం దగ్గరికి వస్తే, మీరు పరిచర్య చేస్తున్నానన్నారు. అది ఇక్కడ అడ్డు కూడా కావచ్చు. పాటల బృందం, సండే స్కూలు, మైకులు, కుర్చీలు అన్నీ చూసుకుంటూ వాక్యం చెవిన పడకుండా ఆదివారం గడిచిపోవడం చాలా సులువు. లూకా 10లో మార్త చేసింది చెడ్డపని కాదు, ప్రభువుకే వండుతోంది, కానీ ఆ పనుల్లో పడి ఆయన మాట వినడానికి కూర్చోలేదు. నెలలో ఒక ఆదివారం ఏ బాధ్యతా లేకుండా కేవలం కూర్చుని వినేలా మీ కాపరితో మాట్లాడి ఏర్పాటు చేసుకోండి. ప్రసంగం అయ్యాక ఒక వాక్యం రాసుకుని, సోమవారం మీ ఇరవై నిమిషాల్లో దాన్నే తీసుకోండి. ఆన్‌లైన్ ప్రసంగాలు రోజుకు నాలుగు వింటూ ఒక్క అధ్యాయం సొంతంగా చదవనివాళ్లకు ఆకలి తీరినట్టు ఉంటుంది, బలం మాత్రం రాదు.

ఒక్క మనిషి కావాలి మీకు. ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు, నోరు అదుపులో ఉన్నవాళ్లు. పదిహేను రోజులకోసారి గంటసేపు కలవండి. అడగాల్సినవి మామూలు ప్రశ్నలే: వాక్యంలో ఏం విన్నావు, దేంట్లో పడ్డావు, ఎవరితో సమాధానం లేదు. యాకోబు 5:16 ఒకరితో ఒకరు ఒప్పుకోమంటుంది, వేదికమీద అందరి ముందు చెప్పమని కాదు. దాచుకున్న అలవాట్లు, ముఖ్యంగా రాత్రిపూట ఫోన్లో చూసేవి, ఇలా ఒకరి చెవిన పడితే తప్ప విడవడం అరుదు.

ఇంత చేసినా ఏమీ అనిపించని కాలాలు వస్తాయి. కన్నీళ్లు రావు, పాట కదిలించదు. దాన్నిబట్టి దేవుడు దూరమయ్యాడని తేల్చేయకండి. కీర్తన 13 ఎంతకాలం అని నాలుగుసార్లు అడిగి, అయిదో వచనంలో నమ్మికకు వస్తుంది. కీర్తన 88 అదీ రాదు, చీకటితోనే ముగుస్తుంది, అయినా పాటల పుస్తకంలోనే ఉంచారు. అలాంటి వారాల్లో సొంత మాటలు రాకపోతే ఈ కీర్తనల్నే మీ మాటలుగా చదవండి, సమయం పది నిమిషాలకు తగ్గించుకోండి, చోటు మాత్రం మార్చకండి. ముందుగా నిద్ర చూసుకోండి. ఏలీయా చచ్చిపోతానని చెట్టుకింద పడుకున్నప్పుడు (1 రాజులు 19) దూత రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ప్రశ్న హోరేబు చేరాక అడిగాడు దేవుడు. రెండు వారాలకు మించి ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం ఉంటే ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లండి. చావు గురించిన తలంపులు వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఇలాంటి సమయంలోనే "మీ మీద ఏదో కట్టు ఉంది, నేను ప్రార్థిస్తే విడిపోతుంది, విత్తనం (అంటే కానుక డబ్బు) పంపండి" అనేవాళ్లు దొరుకుతారు. దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తుయేసు అని 1 తిమోతి 2:5. దేవుని వరాన్ని డబ్బుతో కొనబోయిన సీమోనును పేతురు ఎలా గద్దించాడో అపొస్తలుల కార్యములు 8లో ఉంది. మీ కోసం ప్రార్థించమని ఎవరినైనా అడగొచ్చు. ప్రార్థనకు వెల కట్టినా, ఇంట్లోవాళ్లకు చెప్పొద్దన్నా అక్కడితో ఆపేయండి.

ముందుకు వెళ్తున్నానో లేదో ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. ఆరు వారాల తర్వాత నోటుపుస్తకం తీసి, "ఇవాళ చేయాల్సింది" అని రాసుకున్న వాక్యాలు మాత్రం వరసగా చదవండి. వాటిలో ఎన్ని చేశారు? యోహాను 14:21 ప్రకారం ఆజ్ఞలు అంగీకరించి గైకొనేవాడికే ఆయన తనను కనబరచుకుంటానన్నాడు. సగం చేసి ఉంటే సంతోషించండి. ఒకే రకం పని మళ్లీ మళ్లీ రాసి మళ్లీ మళ్లీ వదిలేసినట్టు కనబడితే, అదే పట్టుకుని పైన చెప్పిన ఆ ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి. ఇంట్లోవాళ్లను కూడా అడగండి, ఈమధ్య నాతో మాట్లాడటం తేలికైందా, కష్టమైందా అని. వాళ్లు చెప్పేది మీ కన్నీళ్లకంటే నమ్మదగిన సాక్ష్యం.

మధ్యలో రోజులు తప్పుతాయి, జ్వరం వస్తుంది, ప్రయాణాలు ఉంటాయి. తప్పిన అధ్యాయాల బాకీ తీర్చడానికి కూర్చోవద్దు, నాలుగు రోజుల పాఠం ఒకేసారి చదివితే మళ్లీ పరుగే అవుతుంది. ఆగిన చోటు నుంచి ఆ రోజు వంతు 15 వచనాలే చదవండి. ప్రార్థన మొదట్లో తప్పిన రోజులకు పది నిమిషాల సంజాయిషీ కూడా అక్కర్లేదు. "వచ్చాను ప్రభువా" అని, పుస్తకం తెరవండి.